కప్పల లెక్క ఎవరి పుస్తకంలో ఉంది?

తొలకరి పడిన రాత్రి కొండ ఊరు మౌనంగా ఉండదు. వాన వెలిసిన కాసేపటికే గెడ్డ ఒడ్డున ఒక గొంతు లేస్తుంది. పొలం గట్టు మీద ఇంకొకటి అందుకుంటుంది. ఇంటి వెనక కాఫీ తోటలో రెండు గులకరాళ్లు తట్టినట్టు మరొకటి వినిపిస్తుంది. మా తాతలు, అవ్వలు మంచం మీద పడుకునే ఆ గొంతులను విడివిడిగా గుర్తుపట్టేవారు. ఇది గోదురు కప్ప, ఇది చెట్టు కప్ప, అదిగో ఆ సన్నని గొంతు రాతి సందులో ఉండేది అని చెప్పేవారు. ఏది ముందు అరిచింది, ఏది ఈ ఏడు ఇంకా అరవలేదు అన్నదాన్ని బట్టి విత్తనాల మాట మాట్లాడుకునేవారు. ఆ మాటలు ఎవరూ రాసిపెట్టలేదు. రాయాల్సిన సంగతి అని కూడా ఎవరికీ తోచలేదు.

తర్వాత మేము బడికి వెళ్లాం. పుస్తకంలో ఉభయచరాల పాఠం వచ్చింది. కప్ప గుండెకు మూడు గదులని నేర్చుకున్నాం, పరీక్షలో రాశాం. కప్ప బొమ్మ పక్కన తోక ఉన్న, బల్లిలాంటి జంతువు బొమ్మ ఒకటి ఉండేది. కింద సాలమాండర్ అని పేరు. మా ఊళ్లో దాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. మా గెడ్డలో రోజూ కనిపించే కప్ప పేరు మాత్రం పాఠంలో ఎక్కడా లేదు. ఆ కప్పకు పేరుందని, దానికీ ఒక చరిత్ర ఉందని మాకు ఎవరూ చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆ చరిత్ర వెతకడం మొదలుపెట్టాం. వెతికిన కొద్దీ ఒక సంగతి తేలింది. కొండ అడవుల్లో కప్పలను, సాలమాండర్లను చూసినవాళ్లు ఒకరు, వాటికి పేరు పెట్టినవాళ్లు మరొకరు. పేరు పెట్టినవాళ్ల మాట పుస్తకాల్లో నిలిచింది. చూసినవాళ్ల మాట గాలిలో కలిసింది. ఈ తేడా వల్ల నష్టపోయింది మనుషులొక్కరే కాదు, ఆ జంతువులు కూడా. ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

సాలమాండర్ ఉన్న కొండలు

ఉభయచరాలు మూడు రకాలు. తోక లేని కప్పలు, తోక ఉన్న సాలమాండర్లు, కాళ్లే లేకుండా వానపాములా మట్టిలో తిరిగే సిసీలియన్లు. మన తూర్పు కనుమల్లో మొదటివీ మూడోవీ ఉన్నాయి, సాలమాండర్లు లేవు. మన దేశంలో వాటిని చూడాలంటే తూర్పు హిమాలయాలకో, ఈశాన్య కొండలకో వెళ్లాలి.

డార్జిలింగ్ కొండల్లో వానాకాలం మొదలవగానే ముదురు గోధుమరంగు సాలమాండర్లు చిన్న చిన్న కుంటల్లోకి దిగి గుడ్లు పెడతాయి. వానలు తగ్గాక ఒడ్డెక్కి రాళ్ల కింద, పుచ్చిన దుంగల కింద, ఆకు చెత్తలో దాక్కుంటాయి. అంటే వాటికి కుంట ఒక్కటే ఉంటే చాలదు, చుట్టూ నీడ ఉన్న నేల కూడా కావాలి. కుంట పూడ్చినా పోతాయి, చుట్టూ చెట్టు కొట్టినా పోతాయి. తేయాకు తోటలు, రోడ్లు, ఇళ్లు పెరిగిన ఆ కొండల్లో ఈ రెండూ జరిగాయి. 1985లో అక్కడ జోర్ పోఖ్రీ అనే చోట సాలమాండర్ కోసమే ఒక చిన్న అభయారణ్యం పెట్టారు. దాని వైశాల్యం దాదాపు నాలుగు హెక్టార్లు, అంటే పది ఎకరాలు.

ఈ జంతువు పేరు కథ కూడా తెలుసుకోదగినది. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఆండర్సన్ 1871లో చైనాలోని యునాన్ కొండల సాలమాండర్‌ను వర్ణించి పేరు పెట్టాడు. డార్జిలింగ్‌లో ఉన్నదీ అదేనని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. 2015లో నేపాల్, చైనా, భారత శాస్త్రవేత్తలు కలిసి శరీరం కొలతలనూ జన్యువులనూ పోల్చి చూసి, హిమాలయంలో ఉన్నది వేరే జాతి అని తేల్చారు. దానికి టైలోటోట్రైటాన్ హిమాలయానస్ అని పేరు పెట్టారు. ఆ వ్యాసం రాసినవారిలో ఒకరు హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన శాస్త్రవేత్త కార్తికేయన్ వాసుదేవన్. పేరు సరిచేయడానికి ఇంచుమించు నూట నలభై ఏళ్లు పట్టింది. ఏది ఎక్కడ ఉందో సరిగా తెలియకుండా అది తగ్గుతోందో పెరుగుతోందో చెప్పలేం కదా.

చెరోకీల కొండలు

ప్రపంచంలో సాలమాండర్లకు పుట్టిల్లు లాంటి చోటు అమెరికాలోని అపలేచియన్ కొండలు. అందులో గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ పార్కు ఒక్కదానిలోనే ముప్పై రకాల వరకు ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఊపిరితిత్తులే లేవు. అవి తడి చర్మంతోనే గాలి పీల్చుకుంటాయి. చర్మం ఎండితే ఊపిరి ఆగినట్టే. అందుకే నీడ పోయిన అడవిని, విషం కలిసిన నీటిని మిగతా జంతువుల కన్నా ముందు ఇవి గుర్తిస్తాయి. గుర్తించడం అంటే చచ్చిపోవడం.

ఇంత చిన్న జంతువు అడవికి ఏం లెక్క అని అడగవచ్చు. ఆ దేశంలోనే ఈశాన్యాన న్యూ హ్యాంప్‌షైర్ కొండల్లో హబ్బర్డ్ బ్రూక్ అనే అడవి ఉంది. అక్కడ బర్టన్, లైకెన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సాలమాండర్లను లెక్కగట్టి 1975లో ఫలితం ప్రకటించారు. ఆ అడవిలోని సాలమాండర్లన్నిటినీ తూస్తే, పిట్టలు గుడ్లు పెట్టే కాలంలో అక్కడుండే పిట్టలన్నిటి బరువుకు దాదాపు రెండింతలు. ఎలుకల వంటి చిన్న జంతువులన్నిటి బరువుకు దాదాపు సమానం. పిట్ట ఎగిరితే అందరూ చూస్తారు, ఎలుక ధాన్యం తింటే అందరూ తిడతారు. ఆకుల కింద వాటికి సమానమైన, వాటిని మించిన ప్రాణం ఉందని లెక్క వేసేదాకా శాస్త్రానికి తెలియలేదు.

స్మోకీ కొండల గురించి మన యువకులు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అవి చెరోకీ ఆదివాసుల కొండలు. 1830లో అమెరికా ప్రభుత్వం ఆదివాసులను తూర్పు ప్రాంతాల నుంచి పంపించే చట్టం చేసింది. 1838లో సైన్యం చెరోకీలను ఇళ్ల నుంచి లాగి, వందల మైళ్లు పడమరకు నడిపించింది. ఆ దారిలో వేలమంది చనిపోయారు. దాన్ని కన్నీటి బాట అంటారు. కొందరు కొండల్లోనే నిలిచిపోగలిగారు. వారి వారసులు నేటికీ పార్కును ఆనుకునే ఉన్నారు. 1934లో పార్కు ఏర్పడింది. సాలమాండర్ల లెక్క సాగింది. తరతరాలుగా ఏరుకుని వండుకున్న సోచాన్ అనే ఆకుకూరను పార్కులో కోసుకోవడానికి మాత్రం చెరోకీలు 2019 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది పార్కుతో ఒప్పందం కుదిరాకే వాళ్లకు అనుమతి దొరికింది. అడవిని కాపాడాలి అన్న మాటను మనమూ వింటున్నాం. ఎవరిని బయట పెట్టి కాపాడారు అన్న ప్రశ్నను దాని పక్కనే పెట్టుకుని వినాలి.

రెండేళ్లలో మాయమైన కప్ప

లెక్క ఎందుకు అవసరమో ప్రపంచానికి నేర్పింది ఒక కప్ప. మధ్య అమెరికాలో కోస్టారికా దేశంలోని మాంటెవెర్డే కొండల మీద మబ్బులు ఎప్పుడూ చెట్లను తాకుతూ ఉంటాయి. ఆ అడవిలో కొద్ది చదరపు కిలోమీటర్ల మేర మాత్రమే బతికే బంగారు కప్ప ఉండేది. మగది పండిన నారింజ రంగు. దానికి శాస్త్రీయమైన పేరు వచ్చింది 1966లో. ఏడాదిలో కొన్ని రోజులే, తొలి వానలకు, నేల మీది గుంటల దగ్గరకు గుంపులుగా వచ్చేది. 1987లో మార్తా క్రంప్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు పదిహేను వందలకు పైగా లెక్కపెట్టారు. 1988లో వెతికితే కనిపించినవి పది పన్నెండుకు మించలేదు. 1989లో ఒకే ఒక్క మగ కప్ప. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. 2004లో అది అంతరించిందని ప్రకటించారు.

ఆ అడవిని ఎవరూ కొట్టలేదు. అది రక్షిత ప్రాంతం. మరి ఎందుకు పోయింది? 1989లోనే ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో కప్పలు, పాముల మీద పనిచేసే శాస్త్రవేత్తల మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. అక్కడ ఒక్కొక్కరు లేచి మా దగ్గరా ఇలాగే తగ్గుతున్నాయి అని చెప్పుకున్నారు. తమ ఒక్క చోట జరిగిందనుకున్నది ఎన్నో దేశాల కొండల్లో జరుగుతోందని అప్పుడే బయటపడింది.

తొమ్మిదేళ్ల తర్వాత, 1998లో, ఆస్ట్రేలియా, మధ్య అమెరికా అడవుల్లో చచ్చిన కప్పల చర్మం మీద ఒక శిలీంధ్రాన్ని కనుగొన్నారు. 1999లో దానికి పేరు పెట్టారు. వాడుకలో దాన్ని కైట్రిడ్ అంటారు. అది పట్టిన చర్మం మందంగా మారుతుంది. చర్మం గుండా నీరు, లవణాలు ఇచ్చిపుచ్చుకోవడం దెబ్బతింటుంది, చివరికి గుండె ఆగిపోతుంది. చల్లని, తడి కొండలు దానికి బాగా నచ్చిన చోట్లు. అది తూర్పు ఆసియాలో పుట్టి, మనుషులు చేసే కప్పల వ్యాపారంతో ఖండాలు దాటిందని 2018లో జన్యు పరిశోధన సూచించింది. 2019లో వచ్చిన మరో లెక్క ప్రకారం ఈ జబ్బు వల్ల తగ్గిపోయిన జాతులు కనీసం 501, అందులో అంతరించాయని భావించేవి 90. సాలమాండర్లను చంపే మరో కైట్రిడ్‌ను 2013లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు. మన పశ్చిమ కనుమల కప్పల మీద కూడా మొదటి రకం ఉన్నట్టు 2011లో తెలిసింది. 2023లో ప్రపంచంలోని ఎనిమిది వేల ఉభయచర జాతులను పరిశీలిస్తే నూటికి నలభై ఒకటి ప్రమాదంలో ఉన్నాయి. సాలమాండర్లలో అయితే నూటికి అరవై.

బంగారు కప్ప కథలో మేము గమనించింది ఇది. 1987లో ఎవరో అక్కడ కూర్చుని లెక్కపెట్టారు కాబట్టి, తర్వాత రెండేళ్లూ అదే గుంటల దగ్గరకు మళ్లీ వెళ్లారు కాబట్టి, అది పోయిందని తెలిసింది. లెక్క లేని కప్ప పోతే ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.

మన కనుమల్లో

ఇక మన వైపు చూద్దాం. ముందు ఊదా కప్ప సంగతి. కేరళలో ఇడుక్కి కొండల్లో ఏడాది పొడవునా మట్టి లోపల బతికే ఉబ్బిన కప్ప ఒకటి ఉంది. వాన మొదట్లో కొద్ది రోజులు మాత్రమే పైకి వస్తుంది. 2003లో బిజు, బోసూట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. దాని దగ్గరి చుట్టాలు సముద్రం అవతల సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి. ఒకప్పుడు ఈ నేలలన్నీ కలిసి ఉండేవనడానికి అది బతికున్న సాక్ష్యం. పత్రికలు దాన్ని కొత్త కప్ప అన్నాయి. అయితే ఆ కొండల్లో ఉన్న ఆదివాసులకు అది కొత్త కాదు. గెడ్డల్లో రాళ్లను కరుచుకుని ఉండే దాని తోకకప్పలను వాళ్లు పట్టి వండుకునేవారు. ఏ నెలలో, ఏ రాయి మీద దొరుకుతాయో వాళ్లకు తెలుసు.

ఇక్కడ మనల్ని మనం పొగుడుకుని ఆగిపోకూడదు. తోకకప్పలను అంత ఎక్కువగా పడితే ఆ కప్పకే ముప్పు అని 2015లో బిజు, ఆయన సహచరుడు రాశారు. చదివితే మనసుకు కష్టంగా ఉంటుంది. కానీ అది అబద్ధం కాదు. తెలిసినవాళ్ల చేతులు కూడా లెక్కలోకి రావాలి. మన గెడ్డల్లో కొన్నిచోట్ల చేపల కోసం బ్లీచింగ్ పొడి, పురుగుమందు కలుపుతున్నది మనవాళ్లే. చేపతో పాటు తోకకప్పలన్నీ తెల్లబడి తేలుతాయి. ఏరు విషమయ్యాక కొండ మనదే అని చెప్పుకుని లాభం ఏముంది?

తూర్పు కనుమలకు వస్తే, 1998లో ఇంద్రనీల్ దాస్, ఎస్.కె. చందా అనే శాస్త్రవేత్తలు విశాఖ మన్యంలోని ఆర్‌వీ నగర్ ప్రాంతం నుంచి ఒక చిన్న పొదకప్పను వర్ణించి టెరెబ్రన్స్ అని పేరు పెట్టారు. ఈ వర్గం పొదకప్పలకు కుంటతో పని లేదు. గుడ్డులోనే తోకకప్ప దశ గడిచిపోయి, నేరుగా పిల్ల కప్ప బయటికి వస్తుంది. దానికి కావాల్సింది ఎప్పుడూ తడిగా ఉండే ఆకు, నీడ, మబ్బు. 2013లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఎత్తు కొండల నుంచి ఒక సిసీలియన్‌కు గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్ అని పేరు పెట్టారు. దాని దగ్గరి చుట్టాలన్నీ పశ్చిమ కనుమల్లో ఉంటే ఇది మాత్రం మన వైపు మిగిలింది. నేల తవ్వేటప్పుడు అలాంటిది కనబడితే పాము పిల్ల అనుకుని పారతో కొట్టేవాళ్లం. అది కరవదు, విషం ఎక్కించదు. మట్టిలో పురుగులను తిని బతుకుతుంది.

ఈ రెండు పేర్లు వచ్చిన కాలాన్ని మన చరిత్రతో కలిపి చూడండి. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గని కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. మరుసటి ఏడాదే టెరెబ్రన్స్ కప్పకు పేరొచ్చింది. 2015లో చింతపల్లి వైపు అడవుల్లో బాక్సైట్ తవ్వకానికి జీవో 97 వచ్చింది. మన ఊళ్లు కదిలాయి. 2019లో అది రద్దయింది. ఆ పోరాటంలో మనం భూమి గురించి, గెడ్డల గురించి, కాఫీ, మిరియాల గురించి మాట్లాడాం. కప్పల గురించి మాట్లాడలేదు. మాట్లాడాలనుకున్నా మన చేతిలో ఒక్క పేజీ లెక్క లేదు. ఏ కొండ మీద ఏ ఊట దగ్గర ఏ కప్ప ఎన్నేళ్లుగా అరుస్తోందో రాసిన పుస్తకం ఉంటే, ఇక్కడ ప్రత్యేకమైన జీవులేమీ లేవు అని ఏ నివేదికా తేలిగ్గా రాయలేదు.

లెక్క లేకుండా అమ్మితే ఏమవుతుందో కూడా మన దేశం చూసింది. 1970లలో, 1980లలో పొలాల్లోని పెద్ద కప్పలను పట్టి, వాటి కాళ్లను విదేశాలకు ఏటా వేల టన్నులు పంపారు. కప్పలు పోయిన పొలాల్లో పురుగు పెరుగుతుందని, మందుల ఖర్చు మీద పడుతుందని చాలామంది హెచ్చరించారు. 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు.

లెక్క పెట్టడం ఎలా

శాస్త్రవేత్తలు చేసే పని బయటి నుంచి చూస్తే పెద్దగా కనిపిస్తుంది కానీ దాని మూలం చాలా సాదా. ఒక చోటు ఎంచుకోవాలి. అదే చోటికి, అదే కాలంలో, అదే సమయానికి, అంతే సేపు ప్రతి ఏడూ వెళ్లాలి. చూసింది, విన్నది రాయాలి. అమెరికాలో 2000లో దేశమంతటా ఉభయచరాల పర్యవేక్షణ మొదలుపెట్టినప్పుడు కూడా సూత్రం ఇదే. బయటి నుంచి వచ్చే పరిశోధకుడికి సెలవులు అయిపోతాయి, నిధులు అయిపోతాయి. గెడ్డ పక్కన ఉన్నవాడికి ఆ ఇబ్బంది లేదు. ఈ పనికి మనకన్నా తగినవాళ్లు ఎవరు?

బడిలో మాష్టార్లు, పంతులమ్మలు పిల్లలతో ఇలా మొదలుపెట్టవచ్చు. ఊరికి దగ్గరలో ఒక గెడ్డ ముక్క, ఒక కుంట, ఒక తోట అంచు ఎంచుకోండి. వంద అడుగులు కొలిచి గుర్తు పెట్టండి. తొలకరి నుంచి వానలు ఆగేదాకా పదిహేను రోజులకు ఒకసారి, చీకటి పడ్డాక పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. టార్చి లైటు, కాళ్లకు చెప్పులు, చేతిలో కర్ర తప్పనిసరి. కప్పలున్న చోటికి పాములూ వస్తాయి. మొదట అయిదు నిమిషాలు లైటు ఆర్పి వినండి. ఎన్ని రకాల గొంతులో రాయండి. ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత మెల్లగా నడుస్తూ కనిపించినవి లెక్కపెట్టండి. తేదీ, వాన పడిందా లేదా, నీళ్లు ఎంత ఉన్నాయి అన్నవి ప్రతిసారీ రాయండి. ఒక్కటీ కనబడకపోతే సున్నా అని రాయండి. సున్నా కూడా లెక్కే. బంగారు కప్ప కథలో అన్నిటికన్నా విలువైన అంకె సున్నాయే.

పట్టుకోవద్దు. మన చేతి ఉప్పు, సబ్బు, మందు వాసన వాటి చర్మానికి మంచివి కావు. ఏ రాయి ఎత్తి చూసినా మళ్లీ అలాగే పెట్టండి. ఒక గెడ్డ నుంచి మరో గెడ్డకు వెళ్లే ముందు చెప్పుల బురద కడిగి ఆరబెట్టండి. కైట్రిడ్ లాంటి జబ్బులు తడి బురదతో కూడా ప్రయాణం చేస్తాయి.

అన్నిటికన్నా ముందు పేరు రాయండి. పుస్తకంలోని పేరు తర్వాత వెతకవచ్చు. మీ అవ్వ ఏమని పిలుస్తుందో కోయలో, గోండిలో, కువిలో, సవరలో, కొండదొర మాటలో, ఏ భాషైతే ఆ భాషలో రాయండి. ఆ పేరులో గొంతు ఉంటుంది, చోటు ఉంటుంది, కాలం ఉంటుంది. ఆ పేరు చెప్పగల మనిషి పోతే కప్ప ఉన్నా ఆ పేరు మిగలదు.

పుస్తకం మన దగ్గర ఉండాలి

ఈ పనికి చట్టంలో చోటుంది. 2002 నాటి జీవ వైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి. అది ప్రజలతో కలిసి ప్రజా జీవ వైవిధ్య రిజిస్టరు రాయాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం జీవ వైవిధ్యం మీద, మన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని చెప్పింది. అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మీ పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. కప్పల పేజీ తీయండి. ఎన్ని పేర్లున్నాయి? ఏ భాషలో ఉన్నాయి? ఎవరిని అడిగి రాశారు? పేజీ ఖాళీగా ఉంటే గ్రామసభలో పెట్టి మనమే నింపుదాం. రాసిన నోటుబుక్కు ఒకటి బడిలో, ఒకటి గ్రామసభ దగ్గర ఉండాలి. బయటివాళ్లు వస్తే చూపిద్దాం, కలిసి పనిచేద్దాం, శాస్త్రం నేర్చుకుందాం. కానీ ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు చెప్పారో వాళ్ల వ్యాసంలో రాయమని అడుగుదాం.

మా తాతలు మంచం మీద పడుకుని విన్న గొంతుల్లో ఎన్ని ఇప్పటికీ ఉన్నాయో మేము చెప్పలేం. వాళ్లు లెక్కపెట్టారు, కానీ ఆ లెక్క వాళ్లతోనే పోయింది. వచ్చే తొలకరికి మీ ఊళ్లో ఒక నోటుబుక్కు తెరవండి. మొదటి పేజీలో తేదీ వేసి, ఆ రాత్రి విన్న మొదటి గొంతు పేరు మీ భాషలో రాయండి. పేరు తెలియకపోతే పక్కింటి అవ్వను అడగండి. ఆమెను ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.